1988లో ప్రపంచ టైటిల్, మళ్లీ 2010లో ఇంకోటి: ఆండ్రియా షోప్ గురించి తెలిసినవాళ్లు చెప్పగలరా?

ఇసార్_ఒడ్డు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మ్యూనిక్‌లో ఉంటాను, వచ్చి ఐదేళ్లయింది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వయసు 36. ఇది కర్లింగ్ గురించి. మంచు మీద రాయి తోస్తారు, ముందు ఇద్దరు బ్రష్‌లతో గబగబా రుద్దుకుంటూ పోతారు కదా, ఆ ఆట. ఈసారి వింటర్ ఒలింపిక్స్‌లో కోర్టినా నుంచి మ్యాచ్‌లు వస్తుంటే మొదట ఊరికే పెట్టాను, తర్వాత వంట మానేసి మరీ చూశాను. కారమ్స్ బాగా ఆడినవాళ్లకి ఇది వెంటనే పట్టేస్తుంది అనిపించింది, ఎదుటివాడి కాయిన్ కొట్టడం, మన కాయిన్‌కి ఇంకో కాయిన్ అడ్డం పెట్టడం, అవన్నీ ఇందులో ఉన్నాయి.

ఆఫీసులో గార్మిష్-పార్టెన్‌కిర్షెన్ నుంచి వచ్చే ఒకావిడ ఉంది. నేను కర్లింగ్ గురించి మాట్లాడుతుంటే "మా ఊరి ఆండ్రియా షోప్ తెలుసా, రెండుసార్లు ప్రపంచ చాంపియన్" అంది. ఇంటికొచ్చి చూస్తే మొదటిది 1988, రెండోది 2010. తేదీలు తప్పుపడ్డాయేమో అనుకుని మళ్లీ చూశాను, తప్పు లేదు. మధ్యలో 22 ఏళ్లు! నాకు రెండు అనుమానాలు. ఇంత గ్యాప్ తర్వాత అదే మనిషి, అదే స్థాయిలో, ఎలా గెలిచింది? ఇంకోటి, మా కొలీగ్ ఆమెకి ఒలింపిక్ గోల్డ్ ఉందంటోంది, కానీ ఒలింపిక్ పతకాల లిస్టులో ఎక్కడా ఆమె పేరు లేదు. ఏది నిజం?

ఎందుకడుగుతున్నానో కూడా చెప్తాను. నేను ఇంటర్, డిగ్రీ రోజుల్లో బ్యాడ్మింటన్ సీరియస్‌గా ఆడాను, జిల్లా దాటి ఆడాను. 21 ఏళ్లప్పుడు మా కోచ్ నన్ను పక్కకి పిలిచి "నీ టైమ్ అయిపోయిందమ్మా, ఇంక చదువు మీద పెట్టు" అన్నారు. ఆయన చెడ్డవారేం కాదు, అప్పుడందరూ అలాగే అనేవారు. రాకెట్ అటక మీద పెట్టేశాను, మళ్లీ తీయలేదు. ఇప్పుడు ఇక్కడ ఒక క్లబ్‌లో కర్లింగ్ నేర్పే క్లాస్ ఉందని తెలిసి పేరు ఇచ్చాను, గురువారం మొదటి క్లాస్. అందుకే ఈమె కథ సరిగ్గా తెలుసుకోవాలని ఉంది.

ఆల్గాయ్_మబ్బు:

మీ రెండో ప్రశ్నకి ముందు చెప్తానండి, అది తేలిక. మీ కొలీగ్ చెప్పింది నిజమే, లిస్టులో లేదన్నదీ నిజమే. 1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌లో కర్లింగ్ ప్రదర్శన క్రీడగా ఉంది, అంటే ఆడిస్తారు, గెలిచినవాళ్లకి పతకం ఇస్తారు, కానీ దేశాల పతకాల పట్టికలో కలపరు. ఆ కర్లింగ్ పోటీ జరిగింది కొండల్లో ప్రలోన్యాన్ అనే చిన్న ఊళ్లో. మహిళల్లో జర్మనీ మొదటి స్థానం, నార్వే రెండు, కెనడా మూడు. జర్మనీ స్కిప్, అంటే జట్టు నాయకురాలు, ఆండ్రియా షోప్. అంతకు నాలుగేళ్ల ముందు కాల్గరీలో కూడా కర్లింగ్ ప్రదర్శన క్రీడే, షోప్ అక్కడా ఆడింది. మహిళల కర్లింగ్‌ని పూర్తి స్థాయి ఒలింపిక్ క్రీడగా పెట్టింది 1998 నాగానోలో. అంటే ఆమె గెలిచినప్పుడు లెక్కలోకి రాలేదు, లెక్కలోకి వచ్చాక గెలవలేదు. నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నేను దక్షిణ జర్మనీలో 14 ఏళ్లుగా ఉంటున్నాను, ఫ్యూసెన్‌కి దగ్గర్లో. ఏడేళ్లుగా క్లబ్ స్థాయిలో ఆడుతున్నాను, గొప్పగా కాదు, శ్రద్ధగా. కాబట్టి తెలిసింది చెప్తాను.

షోప్ పుట్టింది 1965 ఫిబ్రవరి చివర్లో, గార్మిష్‌లో. క్లబ్ ఎస్‌సీ రీసర్‌జీ, అది అక్కడి పాత క్లబ్, ఐస్ హాకీకి ఎక్కువ పేరు. ఆ ఊరికి మంచు మీద రాయి ఆట కొత్త కాదు. బవేరియాలో ఐస్‌స్టాక్ అని ఇంకో ఆట ఉంది, కర్లింగ్‌కి దాయాది లాంటిది, కింద పలక, పైన కర్రపిడి ఉన్న దాన్ని జార్చి ఆడతారు. 1936లో గార్మిష్‌లో వింటర్ ఒలింపిక్స్ జరిగినప్పుడు దాన్నే ప్రదర్శన క్రీడగా పెట్టారు. ఇక్కడ కర్లింగ్ అంటే సగం మంది "ఓ, ఐస్‌స్టాకా" అంటారు, కాదండీ అని ప్రతిసారీ చెప్పాల్సి వస్తుంది.

ఇక మీ 22 ఏళ్లు. దాన్ని గ్యాప్ అనుకుంటేనే అర్థం కాదు. టైటిల్‌కీ టైటిల్‌కీ మధ్య అంత దూరం ఉంది, ఆటలో మాత్రం ఆమెకి గ్యాప్ లేదు. 1986లో ప్రపంచ పోటీల్లో రజతం, ఫైనల్లో కెనడా చేతిలో ఓటమి. 1987లో మళ్లీ రజతం, మళ్లీ కెనడాయే. 1988లో గ్లాస్గోలో మూడోసారి ఫైనల్, మూడోసారీ ఎదురుగా కెనడా, ఈసారి గెలిచింది. అప్పుడు ఆమెకి 23 ఏళ్లు. అప్పటికి బెర్లిన్ గోడ కూలలేదు, గెలిచింది పశ్చిమ జర్మనీ పేరు మీద. నాలుగేళ్లకి ఆల్బర్ట్‌విల్‌కి వెళ్లేసరికి దేశం ఒక్కటైంది. యూరప్ టైటిళ్లు వేరే ఉన్నాయి: 1986, 1987, 1989, 1991, 1995, 1998, 2009. మొత్తం ఏడు. ఈ సంవత్సరాలు వరసగా చదవండి, ఆమె ఎక్కడికీ వెళ్లలేదని తెలుస్తుంది.

మరి మధ్యలో ఒలింపిక్స్? 1998 నాగానోలో సెమీస్‌కి రాలేదు. 2002లో జర్మనీ నుంచి వేరే జట్టు వెళ్లింది. 2006లో జర్మన్ మహిళల జట్టే లేదు. అంటే 33 నుంచి 45 వరకు ఆమెకి ఒలింపిక్స్ లేదు. మామూలుగా ఆటగాళ్లు మానేసేది ఆ వయసులోనే. ఆమె మానలేదు.

కృష్ణా_తీరం:

మంచి సమాచారం, థాంక్స్. కానీ ఒక మాట అడగాలి, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. ఇది అంతమంది ఆడే ఆట కాదు కదా. 1988లో ప్రపంచ పోటీ అంటే ఎన్ని దేశాలు? పది? అందులో మళ్లీ కొన్నే గట్టివి. పైగా పరుగెత్తేది లేదు, రాయి తోసి వదిలేయడమే. అలాంటప్పుడు 45 ఏళ్లకి గెలవడాన్ని టెన్నిస్‌తోనో బ్యాడ్మింటన్‌తోనో పోల్చడం కరెక్టేనా? ఆమెని తక్కువ చేయడం లేదు. కానీ ప్రశ్న అడిగినావిడ తన బ్యాడ్మింటన్ విషయం చెప్పారు కాబట్టి అంటున్నాను, 21 ఏళ్లకి ఆపమన్న కోచ్ చెప్పింది ఆ ఆటకి సంబంధించి నిజమే కావచ్చు. రెండూ వేరు.

ప్రెయిరీ_గాలి:

కృష్ణా_తీరం గారూ, న్యాయమైన ప్రశ్నే. నేను కెనడాలో, సస్కాచెవాన్‌లోని రెజైనాలో ఉంటాను. ఇక్కడ చలికాలం ఆరు నెలలు, ఊరూరా కర్లింగ్ రింక్ ఉంటుంది, మన దగ్గర ఊరికో రచ్చబండలాగా. వచ్చిన రెండో ఏడాది మా టీమ్‌లో ఒకతను వారం లీగ్‌కి మనిషి తక్కువయ్యాడని లాక్కెళ్లాడు, అప్పటినుంచి ఆడుతున్నాను. షోప్ రెండో టైటిల్ గెలిచింది మా రాష్ట్రంలోనే, స్విఫ్ట్ కరెంట్ అనే ఊళ్లో, రెజైనా నుంచి రెండు మూడు గంటల దారి. నేను అప్పటికి రాలేదు. కానీ మా క్లబ్‌లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ జర్మన్ స్కిప్ గురించి చెప్తారు. ఇక్కడివాళ్లు కెనడా ఓడిపోయిన పోటీని గుర్తుపెట్టుకుని మరీ ఎదుటివాళ్లని మెచ్చుకోవడం నేను తరచుగా చూడలేదు.

"రాయి తోసి వదిలేయడమే" అన్నారు కదా, దాని గురించి ముందు. రాయి బరువు దాదాపు 19 కిలోలు, గ్రానైట్. దాన్ని ఎత్తరు, నిజమే. కానీ వదిలే ముందు ఒక కాలు పూర్తిగా మడిచి, ఇంకో కాలు వెనక్కి చాచి, ఒంటి బరువంతా ఆ ముందు పాదం మీద పెట్టి జారుతూ వెళ్లాలి, చేతిలో ఉన్న రాయి మీద వాలకూడదు. అక్కడినుంచి ముప్ఫై మీటర్ల దాకా దూరంలో ఉన్న గుండ్రంలో, వాళ్లు హౌస్ అంటారు, అనుకున్న చోట ఆపాలి. హౌస్ అడ్డం 3.66 మీటర్లు. నేను మొదటి రోజు వేసిన రాళ్లు సగం హౌస్ దాటి వెనక గోడకి తగిలాయి, మిగతా సగం మధ్యలోనే ఆగిపోయాయి.

ఐస్ కూడా అద్దంలా నున్నగా ఉండదు. ఆటకి ముందు దాని మీద సన్నటి నీటి చుక్కలు చల్లుతారు, అవి గడ్డకట్టి చిన్న చిన్న బుడిపెలవుతాయి, దాన్ని పెబుల్ అంటారు. రాయి అడుగు మధ్యలో లోతుగా ఉంటుంది కాబట్టి ఒక సన్నటి రింగు మాత్రమే ఈ బుడిపెలని తాకుతుంది. వదిలేటప్పుడు పిడిని కొంచెం తిప్పితే రాయి పోనుపోను పక్కకి వంగుతుంది, ఆ వంపు వల్లే ఆటకి ఆ పేరు. ముందు బ్రష్‌తో రుద్దితే ఐస్ కాస్త వేడెక్కి రాపిడి తగ్గుతుంది, రాయి ఇంకొంచెం దూరం పోతుంది, ఇంకొంచెం తిన్నగా పోతుంది. మ్యాచ్ జరుగుతున్నకొద్దీ పెబుల్ అరిగిపోతుంది. రెండు జట్లూ తమ రాళ్లన్నీ వేసేసే ఒక్కో విడతని ఎండ్ అంటారు, రెండో ఎండ్‌లో వేసినట్టే ఎనిమిదో ఎండ్‌లో వేస్తే రాయి ఎక్కడికో పోతుంది. ఇది కనిపెట్టి చెప్పాల్సింది స్కిప్. హౌస్ దగ్గర నిలబడి, బ్రష్ పట్టుకుని, "ఇక్కడికి గురిపెట్టు" అని చూపిస్తుంది చూడండి, ఆ మనిషి. ఎక్కువ జట్లలో ఆఖరి రెండు రాళ్లు కూడా తనే వేస్తుంది.

వయసు విషయంలో మీరన్నది సగం నిజం, ఆ సగం నేనూ ఒప్పుకుంటాను. ఒంటికి బాగా దెబ్బ తగిలేది స్వీపింగ్‌లో. ఎండ్‌లో మొదటి రాళ్లు వేసే లీడ్, సెకండ్ ఇద్దరూ మిగతావాళ్లు వేసే రాళ్లన్నిటికీ పరుగు పరుగున రుద్దాలి, భుజాలు, నడుము, ఊపిరి అన్నీ పోతాయి. స్కిప్‌కి అది తక్కువ. కాబట్టి స్కిప్‌గా వయసు మీదపడ్డాక కూడా ఆడొచ్చు. కానీ ఆడొచ్చు వేరు, ప్రపంచ చాంపియన్ అవ్వడం వేరు. 2010లో 12 దేశాలు, ఒక్కో జట్టు లీగ్ దశలోనే 11 మ్యాచ్‌లు ఆడాలి, వారం రోజుల్లో, ఒక్కో మ్యాచ్ రెండున్నర మూడు గంటలు. ఆ తర్వాత ప్లేఆఫ్స్. అన్ని గంటలూ నిలబడి, ఐస్ ఎలా మారుతోందో గుర్తుపెట్టుకుని, చివరికి కాళ్లు వణకకుండా ఆఖరి రాయి వేయాలి.

ఎవరి మీద గెలిచిందో కూడా చూడండి. ఆ పోటీలో కెనడా జట్టు జెన్నిఫర్ జోన్స్‌ది, 2008 ప్రపంచ చాంపియన్, వాళ్లకి కాంస్యమే దక్కింది. 2009లో చైనా గెలిచింది, వాళ్లూ ఉన్నారు. ఫైనల్లో స్కాట్లాండ్. వాళ్ల స్కిప్ ఈవ్ మ్యూర్‌హెడ్, అప్పటికి 19 ఏళ్లు, వరుసగా మూడేళ్లు జూనియర్ ప్రపంచ టైటిళ్లు గెలిచి వచ్చిన అమ్మాయి, తర్వాత 2022లో ఒలింపిక్ గోల్డ్ కూడా గెలిచింది. షోప్ మొదటి టైటిల్ గెలిచేనాటికి ఈ మ్యూర్‌హెడ్ ఇంకా పుట్టలేదు, ఇంకో రెండేళ్లకి పుట్టింది! పది ఎండ్‌లు అయ్యేసరికి సమానం, ఎక్స్‌ట్రా ఎండ్‌కి వెళ్లింది, జర్మనీ 8-6. ఇదంతా కాళ్లు చేతులు ఆడించడం వల్ల రాదు కదండీ.

కృష్ణా_తీరం:

స్వీపింగ్ సంగతి, స్కిప్ సంగతి నాకు తెలియదు, తెలుసుకున్నందుకు సంతోషం. 19 ఏళ్ల అమ్మాయి మీద 45 ఏళ్లావిడ ఎక్స్‌ట్రా ఎండ్‌లో గెలవడం అంటే... సరే, ఆ ఒత్తిడి ఏ ఆటలోనైనా ఒత్తిడే, ఒప్పుకుంటున్నాను. మరి మిగతా జట్టు సంగతేంటి? వాళ్లూ పెద్దవాళ్లేనా, అందరూ 1988 వాళ్లేనా?

ఆల్గాయ్_మబ్బు:

నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన చోటికి తీసుకొచ్చారు.

2010 జట్టు ఇదీ: స్కిప్ ఆండ్రియా షోప్, థర్డ్ మోనికా వాగ్నర్, సెకండ్ మెలనీ రోబిలార్డ్, లీడ్ స్టెల్లా హైస్, రిజర్వ్ కొరిన్నా షోల్జ్. ఇందులో మోనికా వాగ్నర్ 1988లో గ్లాస్గోలో కూడా ఉంది, 1992లో ఆల్బర్ట్‌విల్‌లో కూడా ఉంది. షోప్‌ది, ఆమెది దాదాపు ఒకే వయసు. అంటే 22 ఏళ్ల తేడాతో రెండు ప్రపంచ టైటిళ్లు గెలిచినవాళ్లు ఒక్కరు కాదు, ఇద్దరు, అదీ పక్కపక్కన. స్కిప్ రాయి వేస్తున్నప్పుడు హౌస్ దగ్గర నిలబడి బ్రష్ చూపించేది థర్డ్. షోప్ ఆఖరి రాయి వేయడానికి వంగి తలెత్తి చూస్తే అటు చివర కనిపించేది వాగ్నర్.  పేపర్లలో మాత్రం ఎప్పుడూ షోప్ పేరే రాస్తారు, స్కిప్ పేరుతోనే జట్టుని పిలవడం కర్లింగ్‌లో ఆచారం కాబట్టి. వాగ్నర్ పేరు కూడా చెప్పకుండా ఈ కథ చెప్పకూడదని నా పట్టుదల.

రెండో కొసకి రండి. లీడ్ స్టెల్లా హైస్ 1993లో పుట్టింది, అప్పటికి 17 ఏళ్లు. ప్రెయిరీ_గాలి గారు చెప్పిన లెక్కనే చూడండి, రుద్దే పని చిన్నవాళ్లది, చూసే పని, తేల్చే పని పెద్దవాళ్లది. ఈ ఏర్పాటు ఊరికే కుదిరింది కాదు. పాత జట్టులో మిగతావాళ్లు ఒక్కొక్కరే మానేస్తుంటే, ఈ ఇద్దరూ కూతురి వయసున్న పిల్లల్ని తెచ్చుకుని, వాళ్లతో మొదటినుంచీ మళ్లీ జట్టు కట్టుకున్నారు. ఒకసారి కాదు, ఇన్నేళ్లలో చాలాసార్లు. నేను క్లబ్‌లో 20 ఏళ్ల పిల్లలతో ఆడుతుంటాను, వాళ్ల పరీక్షలు, వాళ్ల ప్రాక్టీస్ టైమింగులు, వాళ్ల అలకలు అన్నీ సర్దుకోవాలి, వారానికి ఒక మ్యాచ్‌కే నాకు టెన్షన్. ఆవిడ ప్రపంచ స్థాయిలో చేసింది.

ఆ చలికాలం వరస కూడా చెప్పాలి. 2009 డిసెంబరులో అబర్డీన్‌లో యూరప్ టైటిల్, 11 ఏళ్ల తర్వాత. రెండు నెలలకి వాంకూవర్ ఒలింపిక్స్, ఈసారైనా అని అందరం... అంటే అప్పటికి నేను జర్మనీ రాలేదు, మా క్లబ్‌వాళ్లు చెప్పిందే చెప్తున్నాను, ఈసారైనా అని ఎదురుచూశారట. సెమీస్‌కి చేరలేదు. ఆమెకి 45 నిండేసరికి ఆ ఒలింపిక్స్ ముగింపుకొచ్చేసింది. అక్కడ ఆపేసి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. నెల తిరక్కముందే అదే జట్టుతో మళ్లీ కెనడా వెళ్లి ప్రపంచ టైటిల్ గెలిచింది. ఒలింపిక్స్ పోయిన బాధ మీద మూడు వారాల్లో ఇంకో పెద్ద పోటీకి తయారవడం ఎంత కష్టమో ఆడినవాళ్లకి తెలుస్తుంది. నన్నడిగితే ఆమె కెరీర్‌కి గుర్తు 1988 కాదు, 1992 కూడా కాదు, వాంకూవర్‌కీ స్విఫ్ట్ కరెంట్‌కీ మధ్య ఉన్న ఆ మూడు వారాలు.

డబ్బు సంగతి కూడా ఒకటి. ఇది జర్మనీలో ఫుట్‌బాల్ లాంటి వృత్తి కాదు. కర్లింగ్ ఆడేవాళ్లే తక్కువ, హాళ్లు ఇంకా తక్కువ. షోప్ వృత్తిరీత్యా స్టాటిస్టీషియన్, అదే సబ్జెక్టులో చదువు, అదే ఉద్యోగం. ఆఖరి రాయి ఎవరి చేతిలో ఉంటే బాగుంటుంది, ఒక పాయింట్ తీసుకోవాలా వదిలేయాలా అని ప్రతి ఎండ్‌లో లెక్కవేసే ఆటకి ఆ చదువు పనికొచ్చే ఉంటుంది, ఇది నా ఊహ.

ప్రెయిరీ_గాలి:

ఆ లెక్క తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. ఒక ఎండ్‌లో ఒక్కో జట్టు ఎనిమిది రాళ్లు వేస్తుంది. హౌస్ మధ్యకి దగ్గరగా రాయి ఉన్న జట్టుకే పాయింట్లు, ఎదుటివాళ్ల దగ్గరి రాయి కన్నా లోపల ఎన్ని ఉంటే అన్ని. ఆఖరి రాయి వేసే హక్కుని హ్యామర్ అంటారు. పాయింట్ తెచ్చుకున్నవాళ్లు తర్వాతి ఎండ్‌లో హ్యామర్ పోగొట్టుకుంటారు. ఎవరికీ పాయింట్ రాకపోతే హ్యామర్ ఉన్నవాళ్ల దగ్గరే ఉంటుంది. కాబట్టి ఒక్క పాయింటే వచ్చేలా ఉంటే కావాలని తమ రాయిని హౌస్ దాటించి సున్నా చేసుకుని, వచ్చే ఎండ్‌లో రెండు తెచ్చుకుందామని చూస్తారు. చేతిలో ఉన్నదాన్ని వదులుకోవడం మొదట్లో నాకు అస్సలు మింగుడు పడలేదు. ఈ ఆట చూడటం మొదలుపెట్టినవాళ్లు ఇది పట్టుకుంటే మ్యాచ్ వేరేలా కనిపిస్తుంది.

కృష్ణా_తీరం:

ఇంకొక్క ప్రశ్న. జర్మనీలో ఈమె ఒక్కరేనా ఇలా, లేక మగవాళ్లలో కూడా ఉన్నారా?

ఆల్గాయ్_మబ్బు:

ఉన్నారండి. హాంబర్గ్‌కి చెందిన జాన్ యార్ 1987లో వాంకూవర్‌లో ప్రపంచ రజతం గెలిచిన జట్టులో ఉన్నాడు. తర్వాత 2014 సోచి ఒలింపిక్స్‌కి స్కిప్‌గా వెళ్లాడు, 48 ఏళ్ల వయసులో, 27 ఏళ్ల తర్వాత. అక్కడ జర్మనీ ఆఖరి స్థానంలో వచ్చింది, అది దాచనక్కర్లేదు. కానీ ఆ జట్టు ఒలింపిక్స్‌కి అర్హత సాధించింది 2013 డిసెంబరులో ఫ్యూసెన్‌లో, మా ఇంటికి పక్కనే జరిగిన పోటీలో. ఆ ఏడాది మహిళలకి మాత్రం దక్కలేదు.

ఫ్యూసెన్ అంటే ఆండీ కాప్. రెండు ప్రపంచ రజతాలు: 1997, 2007. రెండింటికీ మధ్య పదేళ్లు. 2007లో ఎడ్మంటన్‌లో ఫైనల్, ఎదురుగా గ్లెన్ హోవార్డ్ కెనడా జట్టు, వాళ్ల సొంత గడ్డ మీద. స్వర్ణం ఎప్పుడూ రాలేదు. ఆయన కొడుకు బెంజమిన్ కాప్ ఇప్పుడు మార్క్ ముస్కటేవిట్స్ జట్టులో ఆడుతున్నాడు, ఆ జట్టు 2024లో ఫిన్లండ్‌లో యూరప్ టైటిల్ గెలిచింది, ఫైనల్లో స్కాట్లాండ్ మీద. పురుషుల్లో జర్మనీకి 2004 తర్వాత అదే మొదటిది. ప్రశ్న అడిగినావిడ కోర్టినాలో చూసింది ఆ జట్టునే. 2018, 2022 రెండు ఒలింపిక్స్‌లోనూ జర్మనీ కర్లింగ్ జట్టు లేదు, కాబట్టి వీళ్లు 12 ఏళ్ల తర్వాత వెళ్లినవాళ్లు.

ఇసార్_ఒడ్డు:

ఇంత రాస్తారనుకోలేదు, ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. కృష్ణా_తీరం గారూ, మీరడిగింది మంచిదే అయింది, మీరు అడగకపోతే స్వీపింగ్ గురించి, జట్టు గురించి ఇంత వచ్చేది కాదు. మా కోచ్ బ్యాడ్మింటన్ వరకు కరెక్టే కావచ్చన్నారు కదా, దాని గురించి నిన్న రాత్రంతా ఆలోచించాను. ఆయన చెప్పింది పోటీల గురించి, నేను దాన్ని ఆట మొత్తానికి అన్వయించుకుని పదిహేనేళ్లు కూర్చున్నాను. అది ఆయన తప్పు కాదు.

నాకు మోనికా వాగ్నర్ విషయం బాగా పట్టుకుంది. ఆఫీసులో మా కొలీగ్‌కి కూడా చెప్పాను. "అవును, వాగ్నర్! ఆమె పేరు నేనే చెప్పలేదు" అని తనే నొచ్చుకుంది. నాతో బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడిన అమ్మాయి ఇప్పుడు ఖమ్మంలో ఉంటుంది, ఇద్దరు పిల్లలు. మెసేజ్ చేసి ఎనిమిదేళ్లయింది. నిన్న చేశాను. "ఏంటే ఇన్నాళ్లకి" అని వెంటనే ఫోన్ చేసింది, గంటన్నర మాట్లాడుకున్నాం.

ఇప్పుడు ప్రాక్టికల్ ప్రశ్న. గురువారం క్లాస్‌కి ఏం వేసుకుని వెళ్లాలి? షూస్ కొనాలా? మోకాలు కొంచెం ఇబ్బంది పెడుతుంది, కుడిది. పడిపోతే ఎలా అని కూడా భయంగా ఉంది.

ప్రెయిరీ_గాలి:

ఏమీ కొనొద్దండి ఇప్పుడే. రబ్బరు సోల్ ఉన్న శుభ్రమైన స్పోర్ట్స్ షూ ఒకటి చేతిలో తీసుకెళ్లండి, వీధిలో తొడుక్కుని నడిచి రావద్దు, అక్కడికి వెళ్లాక మార్చుకోండి. సోల్‌కి ఉన్న ఒక్క ఇసుక రేణువు ఐస్ మీద పడినా రాయి దారి తప్పుతుంది, అందుకే షూ విషయంలో క్లబ్బుల్లో పట్టుదలగా ఉంటారు. కుడిచేతి వాటం అయితే కుడికాలితో తోసి ఎడమ పాదం మీద జారతారు, ఎడమ షూకి తొడిగే జారుడు పలక వాళ్లే ఇస్తారు, బ్రష్ కూడా వాళ్లదే. సాగే ప్యాంటు వేసుకోండి, జీన్స్ వద్దు. చేతికి పల్చటి గ్లవ్స్ చాలు.

పడటం గురించి: మొదటిరోజు జారుడు పలక వేసుకుని నడవకండి, రాయి వేసేటప్పుడే తొడుక్కోండి. ఐస్ మీదకి దిగేటప్పుడు జారని కాలు ముందు పెట్టండి.

ఆల్గాయ్_మబ్బు:

మోకాలు సంగతి క్లాస్ మొదలవకముందే నేర్పేవాళ్లకి చెప్పండి, మొహమాటపడొద్దు. అంతగా వంగలేనివాళ్లకి నిలబడి కర్రతో రాయిని తోసే పద్ధతి ఉంది, క్లబ్ ఆటల్లో చాలామంది అలా ఆడతారు. వంగి వేస్తే ఎడమచేతిలో ఆనించుకోవడానికి చిన్న స్టాండ్ లాంటిది ఇస్తారు, మొదటి నెలలు అది వదలకండి. మొదటి క్లాస్‌లో రాళ్లు ఎక్కడికి పోతున్నాయో పట్టించుకోకండి, జారుతున్నప్పుడు చూపు మాత్రం అటు చివర పట్టుకున్న బ్రష్ మీదే ఉంచండి. గురువారం రాత్రి ఇక్కడ రాయండి ఎలా జరిగిందో, చూస్తుంటాను.

ఇసార్_ఒడ్డు:

తప్పకుండా రాస్తాను. పాత షూ సోల్ ఇప్పుడే కడిగి ఆరబెట్టాను.